పంచదార వేయకుండానే తియ్యగా ఉన్న టీ

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తణుకు. నా వయసు 57. ఏడేళ్లుగా బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర. ఎప్పుడు చూసినా 130/80 దగ్గరే ఉండేది. చలికాలంలో గొంతు గరగర మొదలైతే మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక హెర్బల్ టీ డబ్బా తెచ్చింది. గొంతుకు హాయిగా ఉంది, పంచదార లేకుండానే తియ్యగా ఉంది. దాంతో పాల టీ మానేశాను. డబ్బా అయిపోయాక, అందులో ముఖ్యంగా ఉన్నది అతిమధురమేనని చూసి, మూలికల కొట్లో చెక్క కొని దంచుకుని, కప్పుకు ఒక చెంచా పొడి వేసి మరిగించి తాగుతున్నాను. రోజుకు మూడు కప్పులు. మూడు నెలలు కావస్తోంది.

నెల రోజులుగా కాళ్లు వాస్తున్నాయి. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్ర లేస్తున్నాను. మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ ఉండటం లేదు. బీపీ 170/100 వచ్చింది. మా డాక్టరు గారు వాపుకు ఇంకో చిన్న మాత్ర రాశారు. వాపు కాస్త తగ్గింది కానీ నీరసం ఎక్కువైంది. విరేచనం సరిగ్గా కావటం లేదని పది రోజులుగా రాత్రిపూట వేరే 'స్లిమ్ టీ' కూడా తాగుతున్నాను. ఈ టీల సంగతి డాక్టరు గారికి చెప్పలేదు, అవి మందులు కావు కదా అని. పక్కింటావిడ మాత్రం ఇదంతా ఆ టీ వల్లేనంటోంది. మావారేమో వేల ఏళ్లుగా వాడుతున్న వేరు, అది ఏం చేస్తుంది అంటున్నారు. ఎవరి మాట నిజం? అమ్మాయి బాధపడుతుందేమోనని దానికి కూడా చెప్పలేదు.

సమాధానం: అమ్మా, ఉత్తరం చదివి జబ్బు తేల్చేయకూడదన్నది మేం చదువుకున్న మొదటి పాఠాల్లో ఒకటి. కానీ మీ ఉత్తరం చదువుతుంటే మీ పక్కింటావిడ చేత ఒక కప్పు కాఫీ తాగించాలనిపించింది. ఆవిడ మాటే నిజం కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. కారణాలు తర్వాత చెబుతాను. ముందు ఈ రోజు చేయాల్సింది చెబుతాను.

ఆ రెండు టీలూ ఇప్పుడే ఆపేయండి. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాల్సిన పని లేదు. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఈ రోజే మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లి 'సీరం ఎలక్ట్రోలైట్స్' రక్త పరీక్ష, క్రియాటినిన్, ఒక ఈసీజీ చేయించమని అడగండి. తణుకులో ఏ ల్యాబులోనైనా చేసే మామూలు పరీక్షలే ఇవి. మనకు కావాల్సింది ముఖ్యంగా పొటాషియం అంకె. సాధారణంగా అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. మీది 3.5 కంటే తక్కువే ఉంటుందని నా అనుమానం. గుండె దడదడలాడటం, కొట్టుకోవడంలో తేడా తెలియడం, కళ్లు తిరిగి పడిపోవడం, చేతులూ కాళ్లూ ఎత్తలేనంత నీరసం, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. రాత్రి పదకొండైనా సరే.

ఇక కారణం. అతిమధురం వేరులో తీపినిచ్చే పదార్థం పేరు గ్లిసరైజిన్. పంచదార కంటే కొన్ని పదుల రెట్లు తియ్యగా ఉంటుంది. మీకు పంచదార అక్కర్లేకపోయిందంటే అదే కారణం. ఇది పేగుల్లోకి వెళ్లాక అక్కడి సూక్ష్మజీవులు దీన్ని మరో రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం రక్తంలో కలిసి కిడ్నీల దాకా చేరుతుంది. అసలు కథ అక్కడే.

మన ఒంట్లో ఆల్డోస్టిరోన్ అనే హార్మోను ఉంది. 'ఉప్పు పట్టి ఉంచు, పొటాషియం బయటికి పంపు' అని కిడ్నీకి చెప్పడం దాని పని. కార్టిసాల్ అని ఇంకో హార్మోను ఉంది. రక్తంలో అది ఆల్డోస్టిరోన్ కంటే వందల రెట్లు ఎక్కువగా ఉంటుంది. చిక్కేమిటంటే, కిడ్నీలో ఆల్డోస్టిరోన్ వెళ్లే తలుపు కార్టిసాల్‌కి కూడా సరిపోతుంది. అందుకని అక్కడ ఒక ఎంజైము కాపలా కాస్తుంది. వచ్చిన కార్టిసాల్‌ని వచ్చినట్టే పనికిరాకుండా చేస్తుంది. అతిమధురం చేసేదల్లా ఆ కాపలావాణ్ని నిద్రపుచ్చడం. ఇక కార్టిసాల్ లోపలికి పోయి ఆల్డోస్టిరోన్ వేషం కడుతుంది. ఉప్పు నిలిచిపోతుంది, ఉప్పుతో పాటు నీరూ నిలుస్తుంది, కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది. పొటాషియం మూత్రంలో కొట్టుకుపోతుంది. కండరాలకు పొటాషియం చాలకపోతే పిక్కలు పట్టేస్తాయి, తొడల్లో బలం తగ్గుతుంది. గుండె కూడా కండరమే, అందుకే ఈసీజీ అడిగాను. ఇలాంటి మనిషికి రక్తంలో ఆల్డోస్టిరోన్ పరీక్ష చేస్తే ఎక్కువ రాదు, తక్కువ వస్తుంది. మేం బుర్ర గోక్కునేది అక్కడే. 'అమ్మా, అతిమధురం ఏమైనా తింటున్నారా, తాగుతున్నారా?' అని అడిగితే తప్ప ముడి విడదు.

మీ విషయంలో నాకు బాగా కలవరం కలిగించింది ఒక్క అతిమధురం కాదు. దాని మీద ఒకటొకటిగా చేరినవి. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ నీరు తీసే మందు. అది కూడా పొటాషియంను కొంత బయటికి పంపుతుంది. మామూలుగా అయితే పక్కనే ఉన్న టెల్మిసార్టాన్ పొటాషియంను కాస్త నిలబెట్టి లెక్క సరిచేస్తుంది. ఏడేళ్లు మీకు ఏ ఇబ్బందీ లేకపోవడం అందుకే. అతిమధురం వచ్చి ఆ త్రాసును ఒక పక్కకు వంచింది. కాళ్లు వాచాయి. వాపు చూసి డాక్టరు గారు రాసిన చిన్న మాత్ర కూడా బహుశా నీరు తీసేదే అయి ఉంటుంది. నీరు పోయింది, దాంతో పాటు ఇంకొంత పొటాషియం పోయింది. వాపు తగ్గి నీరసం ఎక్కువైందని మీరే రాశారు చూడండి.

పొటాషియం తగ్గితే పేగుల కదలిక కూడా మందగిస్తుంది. మలబద్ధకం వస్తుంది. మీకు వచ్చింది. దానికి మీరు స్లిమ్ టీ మొదలుపెట్టారు. ఇలాంటి టీలలో చాలావాటిలో సునాముఖి ఉంటుంది, మన వాళ్లు నేలతంగేడు అనే ఆకు. ఇంగ్లీషు డబ్బాల మీద 'సెన్నా' అని రాస్తారు. సునాముఖి మంచి విరేచనకారి, నాలుగు రోజులు వాడితే తప్పులేదు. రోజూ తాగితే విరేచనంలో కూడా పొటాషియం పోతుంది. అంటే మూత్రంలో ఒక దారి, విరేచనంలో ఇంకో దారి. ఒక టీ తెచ్చిన బాధకు ఇంకో టీ తాగారన్న మాట. సన్నబడతారని చెప్పి అమ్మేవారు చూపించే ఆ కిలో, కిలోన్నర తగ్గుదల కూడా చాలామటుకు నీళ్లే, కొవ్వు కాదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చూసి, సునాముఖి ఉందో లేదో డాక్టరు గారికి చెప్పండి.

మీవారి మాటకు వస్తాను. వేల ఏళ్లుగా వాడుతున్నారన్నది నిజమే. యష్టిమధుకం పేరుతో ఆయుర్వేదంలో దానికి పెద్ద పీట ఉంది. గొంతుకు, దగ్గుకు, కడుపులో మంటకు ఇస్తారు. నాకు ఆ వైద్యం మీద చిన్నచూపు లేదు. కానీ ఆ వైద్యుడు నాడి చూసి, ఇంత మోతాదు, ఇన్ని రోజులు అని చెప్పి ఇస్తాడు. రోజంతా మంచినీళ్లకు బదులు తాగమని ఏ వైద్యుడూ చెప్పడు. పైగా వేల ఏళ్ల కిందట హైడ్రోక్లోరోథయజైడ్ లేదు. ఏ పాత గ్రంథమైనా ఈ మాత్రతో కలిపి వాడవచ్చా లేదా అని ఎలా చెబుతుంది?

ఈ దుష్ఫలితం కనిపెట్టింది కూడా ఆ వేరును నమ్మి వాడిన డాక్టరే. 1946లో రెవర్స్ అనే డచ్చి డాక్టరు కడుపులో పుండ్లకు అతిమధురం సారం ఇచ్చి చూశారు. పుండ్లు తగ్గాయి. అయితే రోగుల్లో దాదాపు ఐదింట ఒకరికి మొహం, కాళ్లూ చేతులూ వాచాయి. మందు పనిచేసింది కాబట్టే పక్కన చేసిన పని కూడా బయటపడింది. పని చేసే వేరు ఏదైనా పక్కన కూడా ఏదో ఒకటి చేస్తుంది, ఎంతో కొంత.

మీ కథకు బాగా దగ్గరగా ఉన్నది కెనడాలో 2019లో డాక్టర్లు వైద్య పత్రికకు రాసిన కేసు. 84 ఏళ్ల పెద్దాయన. అప్పటిదాకా బీపీ అదుపులోనే ఉంది. ఉన్నట్టుండి పై అంకె 196కు చేరి, తలనొప్పి, ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వచ్చారు. ఆరా తీస్తే, రెండు వారాలుగా ఇంట్లో అతిమధురం వేరుతో కాచుకున్న పానీయం రోజుకు ఒకటి రెండు గ్లాసులు తాగుతున్నారట. ఈజిప్టులో దాన్ని 'ఎర్క్ సూస్' అంటారు, రంజాన్ నెలలో ఇష్టంగా తాగుతారు. రెండు వారాలకే ఆయన పరిస్థితి అది. మీవి మూడు నెలలు.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 54 ఏళ్ల మనిషి మూడు వారాల పాటు రోజుకు సంచీన్నర చొప్పున నల్ల అతిమధురం మిఠాయిలు తిని గుండె ఆగి చనిపోయాడు. ఆ వివరాలు 2020లో అచ్చయ్యాయి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, మీవారికి చదివి వినిపిస్తారని రాస్తున్నాను.

మోతాదు ఎంత దాటిందో మీరే లెక్క వేసుకోవచ్చు. యూరప్ వాళ్లు రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసరైజిన్ దాటకూడదని హద్దు పెట్టుకున్నారు. 2024లో స్వీడన్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లకు రెండు వారాలు రోజుకు సరిగ్గా ఆ 100 మిల్లీగ్రాములే ఇచ్చి చూస్తే, అందులోనూ బీపీ కొద్దిగా పెరిగింది. ఇప్పుడు మీ చెంచా పొడి సుమారు మూడు గ్రాములు అనుకుందాం. మూడు కప్పులకు తొమ్మిది గ్రాములు. వేరులో గ్లిసరైజిన్ నాలుగు శాతం అనుకున్నా 360 మిల్లీగ్రాములు. అంతా నీళ్లలోకి దిగకపోవచ్చు, సగమే దిగిందనుకోండి, అప్పుడు కూడా హద్దు దాటినట్టే. డబ్బాలోని టీ బ్యాగుతో ఇంత అయ్యేది కాదేమో. అందులో ఐదారు దినుసులు కలిసి రెండు గ్రాముల లోపే ఉంటాయి. ఇంట్లో దంచుకున్న పొడికి ఎవరూ హద్దు రాయరు. 'ఇంట్లో చేసుకున్నది కాబట్టి మంచిది' అనుకుంటాం కానీ, ఇక్కడ మాత్రం ఇంట్లో చేసుకున్నదే ఘాటుగా ఉంది.

టీ ఆపిన మర్నాడే అంతా సర్దుకుంటుందని ఎదురుచూడకండి. దీని ప్రభావం ఒకటి రెండు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. ఈలోగా రెండు జాగ్రత్తలు. ఒకటి, పొటాషియం తగ్గిందని తెలియగానే బంధువులు కొబ్బరినీళ్లు, అరటిపళ్లు, మందుల షాపులో పొటాషియం సిరప్ అంటూ సలహాలు మొదలుపెడతారు. టెల్మిసార్టాన్ వేసుకునే మనిషికి పొటాషియం పైకి పోయినా ప్రమాదమే. ఎంత, ఎలా ఇవ్వాలన్నది రక్త పరీక్ష అంకె చూసి డాక్టరు గారు చెప్పాలి. రెండోది, అతిమధురం ప్రభావం పోతున్న కొద్దీ బీపీ దిగుతుంది. పెంచిన మందులు అలాగే ఉంటే మరీ దిగిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. ఇంట్లో మిషన్ ఉంటే పొద్దున, సాయంత్రం చూసి కాగితం మీద రాసుకోండి. వారానికొకసారి ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.

మీ డాక్టరు గారి మీద కోపం తెచ్చుకోకండి. ఆయనకు తెలిసింది బీపీ పెరిగిందని, కాళ్లు వాచాయని. దానికి తగిన మందే రాశారు. 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా?' అని ఆయన అడిగే ఉంటారు. లేదని మీరన్నారు, అబద్ధం కాదు, మీ లెక్కలో టీ మందు కాదు. ఈ మాట మీరొక్కరే కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అంటారు. కషాయం, చూర్ణం, లేహ్యం, వాట్సాప్‌లో చూసి మొదలెట్టిన మెంతి నీళ్లు, కొడుకు అమెరికా నుంచి తెచ్చిన సీసా, ఏవీ మందుల లెక్కలోకి రావు. అందుకే నేనిప్పుడు 'ఏం మందులు' అని అడగటం మానేశాను. 'పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏమేం తాగుతారో చెప్పండి' అంటాను. వింతవింతవన్నీ బయటికి వస్తాయి. మీరు వెళ్లేటప్పుడు రెండు డబ్బాలూ, మిగిలిన చెక్క ముక్కా సంచీలో వేసుకుని వెళ్లండి. పేరు గుర్తులేదన్న సమస్య ఉండదు.

మిగతా హెర్బల్ టీలన్నీ భయపడాల్సినవేనా అని మీ ఉత్తరం చదివినవాళ్లు అడుగుతారు. అన్నీ కాదు. కరోనా వేళ 2020లో ఆయుష్ శాఖ చెప్పిన తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాల కషాయంలో అతిమధురం లేదు, రోజుకు ఒకటి రెండుసార్లే తాగమన్నారు. గొడవ ఎక్కడంటే, ఆ అలవాటును పట్టుకుని ఎవరికి తోచింది వాళ్లు కలుపుకుంటూ పోవడంలో. అదే రోజుల్లో రోగనిరోధక శక్తికని రోజూ తిప్పతీగ తాగినవాళ్లలో కొందరికి కామెర్లు వచ్చి లివరు దెబ్బతిన్న కేసులు ముంబయి డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, తిప్పతీగలాగే కనిపించే వేరే తీగ అయి ఉండొచ్చంది. ఏ తీగ అయినా తాగినవాళ్లకు కామెర్లు వచ్చిన మాట నిజం. చేమంతి టీ నిద్రకు మంచిదంటారు, చాలామందికి ఏమీ కాదు కూడా. కానీ మన రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ చేమంతికి చుట్టమే. ఆ పుప్పొడి పడనివాళ్లు చేమంతి టీతో జాగ్రత్తగా ఉండాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లు కూడా. ఎర్రగా పుల్లగా ఉండే 'హైబిస్కస్ టీ' మన పెరటి మందారం అనుకుంటారు. అది గోంగూర జాతి మొక్క పువ్వు కింది ఎర్రటి దళసరి రేకులు. బీపీ కొంచెం తగ్గిస్తుంది, అప్పటికే మాత్ర వేసుకునేవాళ్లు అది గుర్తుంచుకోవాలి. అతిమధురం గర్భిణులకు అసలే వద్దు. గుండెకు డిగాక్సిన్ వేసుకునేవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కూడా వద్దు.

పరీక్షలయ్యాక ఒక పని చేయండి, ఓపిక ఉంటే. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే టోల్‌ఫ్రీ నంబరు ఒకటుంది, 1800-180-3024. ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వాళ్లది. మీరైనా చెప్పొచ్చు, మీ డాక్టరు గారైనా చెప్పొచ్చు. ఇలాంటివి ఎక్కడా లెక్కకు ఎక్కకపోవడం వల్లే 'టీకి ఏమవుతుంది' అనే మాట ఇంకా చెల్లుతోంది.

అమ్మాయికి చెప్పండి. ఆవిడ తెచ్చింది గొంతు గరగరకు ఒక డబ్బా. దాన్ని మూడు నెలల అలవాటు చేసుకున్నది మీరు, తప్పు ఆవిడ మీద పడదు. పైగా ఆ టీ ఆవిడా తాగుతూ ఉండొచ్చు, స్నేహితులకు కూడా ఇచ్చి ఉండొచ్చు. మీరు దాచిపెడితే ఎవరికి లాభం?

మళ్లీ ఎప్పుడైనా అతిమధురం తాగొచ్చా అని మీరు అడగలేదు కానీ, అడుగుతారని తెలుసు. ఈ మాత్రలు వేసుకుంటున్నంత కాలం వద్దు. పాల టీ తాగండి, పంచదార ఒక చెంచా తగ్గించుకుని. గొంతుకు గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. అన్నట్టు, ఇంత గొడవలో మనం మరిచిపోయింది ఆ గొంతు గరగరనే. చలికాలంలో మొదలైంది, మూడు నెలలైనా దాన్ని తియ్యటి నీళ్లతో కప్పిపెట్టడమే తప్ప ఎందుకు వస్తోందో ఎవరూ చూడలేదు. రాత్రి భోజనం చేయగానే పడుకుంటే కడుపులో ఆమ్లం గొంతులోకి ఎగదన్ని పొద్దునే గరగర పెట్టొచ్చు. దుమ్ము పడకపోయినా రావొచ్చు. దగ్గు కూడా ఉండి రెండు వారాలు దాటితే క్షయ కాదని తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. టీ ఆపేశాక ఆ గరగర తిరిగి వస్తే, దాన్ని కూడా ఆ కాగితం మీదే రాసుకుని వెళ్లండి.